ఉదయం కాఫీతో కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవచ్చునా?

మాడవీధి_మైలాపూరు
నా వయసు 61. బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. మూడు నెలల క్రితం చేయించుకున్న రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 168 వచ్చింది. మా నాన్నగారు 59వ ఏట గుండెపోటుతో పోయారని తెలియగానే డాక్టరుగారు అటోర్వాస్టాటిన్ 20 మి.గ్రా. రాసి, రాత్రి భోజనం తరువాత వేసుకోమన్నారు. మొన్న మళ్లీ పరీక్ష చేయిస్తే 131 దగ్గర ఆగి ఉంది. మోతాదు 40కి పెంచుదామా అని ఆయన అడుగుతున్నారు.

రాత్రి పూట మాత్ర సంగతి నాకు తరచు మరుపున పడుతోంది. టీవీలో వార్తలు చూస్తూ కునుకు తీయడం, అటునుంచి అటే పడక మీదికి వెళ్లడం అలవాటైపోయింది. ఉదయం 5:30 కాఫీని మాత్రం నలభై ఏళ్లలో ఒక్కరోజు కూడా మరచిపోలేదు. అందువల్ల మాత్రను ఆ వేళకు మార్చుకుందామని అనుకుంటే, పక్కింటివారు కాఫీ మందుకు విరుగుడని, అసలు నాకు కొలెస్ట్రాల్ దిగకపోవడానికి కారణమే ఆ కాఫీ అని గట్టిగా చెబుతున్నారు. మా ఇంట్లో నేనూ మా ఆవిడా చెరి మూడుసార్లు తాగుతాము. కాఫీ మానేయాలా, మాత్ర వేళ మార్చుకోవాలా, మోతాదు పెంచుకోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

డబరా_గ్లాసు
నేను ఆరేళ్లుగా రోజువాస్టాటిన్ 10 మి.గ్రా. ఉదయం కాఫీ వేళకే వేసుకుంటున్నాను. నా ఎల్‌డీఎల్ ఇప్పుడు 70 లోపు ఉంది. నాకు ఏ ఇబ్బందీ కనిపించలేదు.

పెరంబూరు_లోకో
డాక్టరు రాత్రి వేసుకోమన్నారంటే దానికి కారణం ఉంటుంది. కాలేయం కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారు చేసేది రాత్రి పూట, మనం నిద్రలో ఉన్నప్పుడు. దొంగ వచ్చే వేళకే కాపలా ఉండాలి గాని తెల్లవారాక కాదు. రైల్వే ఆసుపత్రి డాక్టరుగారు నాకు 2004లోనే ఈ మాట చెప్పారు, అప్పటినుంచి నేను పడుకునే ముందే వేసుకుంటున్నాను. డబరా_గ్లాసు గారికి సరిపడింది కదా అని అందరూ వేళ మార్చుకోవడం మంచిది కాదు.

విల్లివాక్కం_విశాలాక్షి
కాఫీ విరుగుడు అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా అమ్మ హోమియో మందు వాడిన రోజులలో డాక్టరుగారు మొదట చెప్పిన పథ్యం కాఫీ మానడమే. నాటు మందులకూ అదే పథ్యం ఉండేది. ఆ భయమే ఇంగ్లీషు మాత్రల మీదికి కూడా పాకింది.

మందుల_చీటీ
విల్లివాక్కంలో 31 ఏళ్లు మందుల దుకాణం నడిపినవాడిని కనుక ఈ ప్రశ్న నాకు కొన్ని వందలసార్లు ఎదురైంది. పెరంబూరు_లోకో గారు చెప్పినది తప్పు కాదు, అయితే అది అన్ని స్టాటిన్లకూ ఒకే విధంగా వర్తించదు.

స్టాటిన్ అనేది ఒక్క మందు కాదు, ఒక కుటుంబం. కాలేయం కొలెస్ట్రాల్ తయారు చేసుకోవడానికి అవసరమైన ఒక ఎంజైమును ఇవన్నీ అడ్డుకుంటాయి. వీటిలో సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ వంటి పాతవి రక్తంలో కొద్ది గంటలే నిలుస్తాయి కనుక, ఉదయం వేసుకుంటే రాత్రి పని జరిగే సమయానికి వాటి బలం తగ్గిపోతుంది. వాటిని సాయంత్రం తరువాత వేసుకోమనడం అందుకే. అటోర్వాస్టాటిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 14 గంటలు పడుతుంది, పైగా శరీరంలో దాని నుంచి పుట్టే పదార్థాలు కూడా పనిచేస్తూ ఉండటం వల్ల ప్రభావం 20 నుంచి 30 గంటల దాకా సాగుతుంది. రోజువాస్టాటిన్‌కు ఆ సగం లెక్క 19 గంటలు. ఈ రెండింటినీ ఏ వేళ వేసుకున్నా ఫరవాలేదు, కాని రోజూ ఒకే వేళకు వేసుకోవాలి.

ఇక కాఫీ విషయానికి వస్తే, కాఫీలోని కెఫీన్‌ను కాలేయంలో ఒక ఎంజైము విరగ్గొడుతుంది, అటోర్వాస్టాటిన్‌ను వేరొక ఎంజైము విరగ్గొడుతుంది. దేని దారి దానిదే. కాఫీ ఈ మాత్రను కడుపులో పట్టి ఉంచేదీ లేదు, పని చేయకుండా ఆపేదీ లేదు. మాత్రను మాత్రం మంచినీళ్లతో మింగి, ఆ తరువాత కాఫీ తాగండి. వేడి వేడి కాఫీతో మింగితే మాత్ర పైపూత నోట్లోనే కరిగి చేదెక్కుతుంది.

మాడవీధి_మైలాపూరు గారి లెక్కలో నాకు వేరే అనుమానం ఉంది. అటోర్వాస్టాటిన్ 20 మి.గ్రా. సక్రమంగా వాడితే ఎల్‌డీఎల్ 40 శాతానికి పైగా తగ్గాలి. 168 అనేది 100 దరిదాపులకు రావలసింది, 131 అంటే 22 శాతమే తగ్గినట్టు. మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. అంటే ఈ లోటు మోతాదులో ఉన్నది కాకపోవచ్చు. దయచేసి ఇంట్లో మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి.

పెరంబూరు_లోకో
మందుల_చీటీ గారి మాట చదివాక నా షీటు తీసి చూసుకున్నాను. నాది సిమ్వాస్టాటిన్ 20. నా మందుకు చెప్పిన నియమాన్ని అందరి మందులకూ అంటగట్టాను. నాకు రాత్రి వేళే సరైనదని మాత్రం ఇప్పుడు కారణంతో సహా తెలిసింది.

డికాక్షన్_ధ్యాస
మాత్రకు కాఫీ అడ్డం కాదనే మాటతో ఏకీభవిస్తాను. అయితే కొలెస్ట్రాల్‌కు కాఫీతో సంబంధమే లేదని ఎవరూ అనుకోకూడదు. పక్కింటివారి మాటలో కొంత నిజం ఉంది, వారు చెప్పిన కారణం వేరు, అసలు కారణం వేరు.

కాఫీ గింజలో సహజంగా ఉండే నూనెలో కెఫెస్టాల్, కాహ్వియోల్ అనే రెండు పదార్థాలు ఉంటాయి. కాలేయం కొలెస్ట్రాల్‌ను పిత్తరసంగా మార్చి బయటికి పంపే పనిని కెఫెస్టాల్ మందగింపజేస్తుంది, దానితో రక్తంలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. నార్వేలోని ట్రోమ్సో పట్టణంలో కాఫీ ఎక్కువగా తాగేవారికి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని 1983లో వెల్లడైంది. అక్కడివారు పొడిని నీళ్లలో వేసి మరిగించి, వడకట్టకుండా పైతేట తాగేవారు. రోజుకు 10 మి.గ్రా. కెఫెస్టాల్ లోపలికి వెళితే మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 5 పాయింట్లు పెరుగుతుందని తరువాత నెదర్లాండ్స్ పరిశోధకులు లెక్క కట్టారు. కాగితపు వడపోతలో ఈ నూనె కాగితానికే అంటుకుని ఆగిపోతుంది. 2025లో స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం వారు కార్యాలయాలలోని 14 కాఫీ యంత్రాలను పరీక్షించి, లోహపు జల్లెడ ఉన్న యంత్రాల కాఫీలో లీటరుకు సుమారు 176 మి.గ్రా., కాగితంలో వడకట్టిన దానిలో 12 మి.గ్రా., మరిగించిన దానిలో 939 మి.గ్రా. కెఫెస్టాల్ ఉందని ప్రకటించారు.

మన స్టీలు ఫిల్టరు అడుగున ఉండేవి చిల్లులే, కాగితం కాదు. చిక్కటి మొదటి డికాక్షన్‌ను గాజు గ్లాసులో పోసి కొంతసేపు కదపకుండా ఉంచి వెలుతురుకు ఎత్తి చూడండి, పైన సన్నటి నూనె మెరుపు కనబడుతుంది. అయితే మనం ఒక డబరా కాఫీకి వాడే డికాక్షన్ పాతిక, ముప్పై మిల్లీలీటర్లే, మిగిలినదంతా పాలు. నార్వేవారి లాగా పెద్ద కప్పుల కొద్దీ తాగడం లేదు. కనుక మనకు జరిగేది కొంత పెరుగుదలే గాని, 168ని 131 దగ్గర ఆపేటంతటి శక్తి దానికి ఉందని నేననుకోను.

డబరా_గ్లాసు
డికాక్షన్_ధ్యాస గారూ, పొడి రకాన్ని బట్టి ఇది మారుతుందా? మా ఇంట్లో ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ అనే రెండు రకాల గింజలు సగం సగం కలిపి పట్టిస్తాము, చికోరీ వేయము.

డికాక్షన్_ధ్యాస
మారుతుంది. కెఫెస్టాల్ అరబికా గింజలో ఎక్కువ, రోబస్టాలో తక్కువ. మీరు పట్టించే రెండూ సాధారణంగా అరబికాయే. చికోరీ కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరు, దానిలో ఈ నూనె ఉండదు. నలభై పాళ్లు చికోరీ కలిసిన పొడిలో కెఫెస్టాల్ ఆ మేరకు తగ్గుతుంది. ఇన్‌స్టంట్ కాఫీలో దాదాపు ఉండనే ఉండదు. ఇంతమాత్రానికి మంచి పొడి మానుకోమని నేను ఎవరికీ చెప్పను. పొడి పట్టించేటప్పుడు మరను తెరిచి గుప్పెడు పొడి చేతిలో వేయించుకుని వాసన చూసే మనిషిని నేను.

ఆవడి_అనంతం
అందరూ డికాక్షన్ గురించే మాట్లాడుతున్నారు, డబరాలో మూడు వంతులు ఉన్నవి పాలు కదా. ఆవిన్ నారింజ రంగు ప్యాకెట్‌లో 6 శాతం వెన్న ఉంటుంది, నీలం ప్యాకెట్‌లో 3 శాతం. ఒక్కో కాఫీకి 100 మిల్లీలీటర్లు వేసుకుంటే, రోజుకు మూడు కాఫీలకు నారింజ ప్యాకెట్‌తో 18 గ్రాముల కొవ్వు, నీలంతో 9 గ్రాములు లోపలికి వెళతాయి. పాలకొవ్వులో సుమారు మూడింట రెండు వంతులు ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వే. నాకు 2019లో స్టెంటు వేసిన తరువాత మా కోడలు ఇంట్లో చేసిన మొదటి మార్పు ప్యాకెట్ రంగు మార్చడం. మొదటి వారం కాఫీ పలచగా అనిపించి బాధపడ్డాను, నెల తిరిగేసరికి నాలుక దానికే అలవాటు పడింది.

మాడవీధి_మైలాపూరు
ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు. మా ఇంట్లోనూ నారింజ ప్యాకెట్టే, పొడి కూడా చికోరీ లేని పీబెర్రీ.

ఇక్కడి మాటలన్నీ మా ఆవిడకు చదివి వినిపిస్తుండగా ఆమె ఒక ప్రశ్న వేసింది. ఆమెకు నాలుగేళ్లుగా థైరాయిడ్ ఉంది. లీవోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు ఉదయం పరగడుపున వేసుకోమన్నారు. ఆమె పరగడుపున అంటే టిఫిన్‌కు ముందు అని అర్థం చేసుకుని, ఆ మాత్రను నాతోపాటు 5:30కి కాఫీతోనే మింగుతోంది. డబరా పక్కన ఆ చిన్న తెల్లమాత్ర ఉండటం నేను నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఏనాడూ ఆలోచించలేదు. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే పెరిగే టీఎస్‌హెచ్ ఆమెకు మొన్న 9.8 వచ్చింది, మాత్ర మోతాదు ఇప్పటికే ఒకసారి పెంచారు. నా మాత్రకు కాఫీ అడ్డం కాదన్నారు కదా, మరి దీని సంగతి ఏమిటి?

వేళచ్చేరి_వాన
ఈ ఒక్క విషయం గురించి నేను గొంతెత్తి చెప్పదలచుకున్నాను. కాఫీకి నిజంగా దూరంగా ఉంచవలసిన మాత్ర మీది కాదు, మీ ఆవిడది.

నాకు పెళ్లయిన రెండో ఏట థైరాయిడ్ బయటపడింది. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగేదాన్ని. 50తో మొదలైన మోతాదు 75 అయింది, 100 అయింది, అయినా టీఎస్‌హెచ్ దిగలేదు. జుట్టు రాలడం, కాళ్లు బరువెక్కడం, సాయంత్రమయ్యేసరికి మంచం ఎక్కాలనిపించడం, ఇదంతా ఉద్యోగం, పిల్లల వల్ల వచ్చే అలసట అనుకుని మూడేళ్లు గడిపేశాను. చూపించుకుంటున్న ఆసుపత్రిలో ఎవరూ కాఫీ గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. ఊరికి వెళ్లినప్పుడు ఒంగోలులో మందుల షాపాయన, మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి కాఫీ తాగుతావమ్మా అని అడిగాడు. ఆ ప్రశ్నతో నా జబ్బు దారి మారింది.

ఇప్పుడు నిద్ర లేవగానే మంచం పక్కన ఉంచుకున్న నీళ్లతో మాత్ర వేసుకుని, ముగ్గు వేసి, స్నానం చేసి, గంట తరువాతే కాఫీ తాగుతున్నాను. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరిగా గుర్తుంచుకోండి. మాత్ర సరిగ్గా ఒంటబట్టడం మొదలయ్యాక నాకు ఆ 100 మైక్రోగ్రాములే ఎక్కువైపోయి, టీఎస్‌హెచ్ 0.2కి పడిపోయింది, గుండె దడ వచ్చింది. డాక్టరుగారు తిరిగి 75కు తగ్గించారు. కనుక వేళ మార్చిన సంగతి డాక్టరుకు చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించండి.

మందుల_చీటీ
వేళచ్చేరి_వాన గారు చెప్పిన ప్రతి మాటా సరైనదే. కాఫీ లీవోథైరాక్సిన్‌ను పేగులు పీల్చుకోనివ్వదు. కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఉండాలి. రక్తహీనతకు ఇచ్చే ఇనుము మాత్రల విషయంలోనూ కాఫీ, టీ రెండూ అడ్డమే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే ఎల్‌డీఎల్ దానంతట అదే పెరుగుతుంది. మాడవీధి_మైలాపూరు గారి శ్రీమతి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించి ఎక్కువ కనబడితే, వెంటనే స్టాటిన్ మొదలుపెట్టకుండా ముందు టీఎస్‌హెచ్ దారికి వచ్చేదాకా చూద్దామా అని డాక్టరును అడగండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు వచ్చే అవకాశం కూడా ఎక్కువ.

ప్రకృతి_బాట
ఇంతమంది పెద్దలు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చర్చిస్తున్నారు గాని, అసలు వేసుకోవాలా అని ఒక్కరూ అడగడం లేదు. కొలెస్ట్రాల్ శరీరానికి అవసరమైన పదార్థం. మా తాతగారు నెయ్యి లేనిదే ముద్ద ఎత్తేవారు కాదు, 88 ఏళ్లు బతికారు. మెంతులు నానబెట్టుకుని తిని, వెల్లుల్లి వాడి, రోజూ మెరీనాలో నడిస్తే చాలు. రసాయనాలతో కాలేయాన్ని పాడు చేసుకోవడం ఎందుకు?

వార్డు_సిస్టర్
ప్రకృతి_బాట గారూ, మీ తాతగారి ఆయుష్షు చూసి సంతోషిస్తున్నాను. నేను 17 ఏళ్లుగా ఈ నగరంలో గుండె జబ్బుల వార్డులో పనిచేస్తున్నాను, మా మంచాల మీదికి వచ్చేవారికి మాత్రం ఆ భాగ్యం ఉండదు. ఒక సంగతి ఎదురుగా చూశాను కనుక చెబుతున్నాను. 49 ఏళ్ల వ్యక్తి ఒకరు స్టెంటు వేయించుకుని ఇంటికి వెళ్లి, ఎవరో చెప్పారని ఎనిమిది నెలల తరువాత స్టాటిన్ ఆపేసి వెల్లుల్లి కషాయం పట్టారు. రెండేళ్లు తిరగకుండా వేరే నాళంలో పూడికతో మళ్లీ మా వార్డుకే వచ్చారు. మందు ఆపడం వల్లనే అలా జరిగిందని ఒక్క మనిషిని చూసి నేను తేల్చను. అందుకే పెద్ద లెక్క చెబుతాను. 1994లో వెలువడిన స్కాండినేవియా పరీక్షలో గుండె జబ్బు ఉన్న 4,444 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి సిమ్వాస్టాటిన్, మిగతా సగానికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. అయిదేళ్లు దాటాక చూస్తే ఉత్తమాత్ర వేసుకున్నవారిలో 256 మంది, మందు వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. ఆ తేడా 74 ప్రాణాలు.

రసాయనం అన్నారు కనుక ఇంకొక మాట. మొట్టమొదటి స్టాటిన్ దొరికింది బూజులో. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో ఆరువేలకు పైగా సూక్ష్మజీవులను వెదకి, క్యోటోలో ఒక ధాన్యపు దుకాణం బియ్యానికి పట్టిన పెనిసిలియం బూజు నుంచి దాన్ని తీశారు. ఆయన 2024లో కన్నుమూశారు. మెంతులు తినండి, నడవండి, నేనూ రెండూ చేస్తాను. డాక్టరు అవసరమని చెప్పిన మనిషి మాత్రం మాత్ర మానకూడదు.

ప్రకృతి_బాట
గుండె జబ్బు వచ్చినవారి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ఏ జబ్బూ లేనివారికి కూడా ఒక్క అంకె చూసి జీవితాంతం రాసివ్వడం మీదే నా అభ్యంతరం. అది ఇంకా అలాగే ఉంది.

వార్డు_సిస్టర్
ఒక్క అంకె చూసి రాయకూడదు, వయసు, రక్తపోటు, చక్కెర, పొగతాగడం, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అన్నవన్నీ కలిపి చూడాలి. ఈ చర్చ మొదలుపెట్టిన వారి తండ్రి గుండెపోటుతో పోయారన్న సంగతి మీరు గమనించాలని కోరుతున్నాను.

నెల్లూరు_నుంగంబాక్కం
ప్రకృతి_బాట గారి అనుమానం ఒకప్పుడు నాకూ ఉండేది, కారణం కండరాల నొప్పులు. మాత్ర మొదలుపెట్టిన రెండో వారం నుంచి తొడలలో సలుపు మొదలైంది. మూడో అంతస్తు మెట్లు ఎక్కడానికి కమ్మీ పట్టుకోవలసి వచ్చేది. ఎవరితోనూ చెప్పకుండా మానేశాను. చివరికి మా అమ్మాయి డాక్టరు దగ్గర ఆ విషయం బయటపెట్టింది. ఆయన కోప్పడలేదు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే పరీక్ష చేయించి, మామూలుగా ఉందని చూపించి, లండన్‌లో జరిగి 2020లో వెలువడిన ఒక పరీక్ష గురించి చెప్పారు. నొప్పుల వంటి ఇబ్బందుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తమాత్ర, ఏది ఏదో తెలియనివ్వకుండా ఇచ్చి, కొన్ని నెలలు అసలు ఏ మాత్రా లేకుండా ఉంచారట. స్టాటిన్‌తో వారు పడిన బాధలో 90 శాతం ఉత్తమాత్రతోనూ పడ్డారు.

నా నొప్పి అబద్ధం కాదు, నేను పడిన బాధ నాకు తెలుసు. అయినా ఆ మాట విన్నాక మళ్లీ ప్రయత్నించడానికి ధైర్యం వచ్చింది. ఈసారి మందు మార్చి, రోజువాస్టాటిన్ 5 మి.గ్రా.తో మొదలుపెట్టారు. మన ఆసియా వాసుల రక్తంలో ఈ మందు పాశ్చాత్యుల కంటే ఎక్కువగా నిలుస్తుంది కనుక తక్కువతో మొదలుపెట్టడమే పద్ధతి అన్నారు. మూడేళ్లయింది, మెట్లు మామూలుగానే ఎక్కుతున్నాను.

వార్డు_సిస్టర్
మీరు మళ్లీ మొదలుపెట్టడం చాలా మంచి పని. అయితే ఇది చదివేవారు ప్రతి నొప్పినీ మనసు కల్పన అనుకోకూడదు. తీవ్రమైన కండరాల నొప్పి, నీరసంతోపాటు మూత్రం ముదురు గోధుమ రంగులో, కాఫీ డికాక్షన్ రంగులో వస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇది చాలా అరుదు, కాని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

విల్లివాక్కం_విశాలాక్షి
స్టాటిన్ వేసుకునేవారు బత్తాయి రసం తాగకూడదని మా మేనత్తకు ఎవరో చెప్పారు. వేసవిలో చెన్నైలో సాత్తుకుడి రసం తాగకుండా ఎలా ఉండటం?

మందుల_చీటీ
బత్తాయి నిరభ్యంతరంగా తాగవచ్చు. తాగకూడదని చెప్పేది గ్రేప్‌ఫ్రూట్ గురించి, అది వేరే పండు, మన బజారులో అరుదు. దానికి దగ్గరి చుట్టం పంపర పనస, తమిళులు పంబ్లిమాస్ అంటారు. దానిలోనూ అదే జాతి పదార్థాలు ఉన్నాయి. అవి సిమ్వాస్టాటిన్‌ను, కొంతవరకు అటోర్వాస్టాటిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేసి, రక్తంలో మందు పేరుకునేటట్టు చేస్తాయి. పెరంబూరు_లోకో గారు ఆ పండుకు దూరంగా ఉండటం మంచిది.

పండు కంటే నేను ఎక్కువగా భయపడేది క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు. గొంతు నొప్పికో దగ్గుకో వేరే డాక్టరు రాస్తారు, స్టాటిన్ సంగతి వారికి తెలియదు. సిమ్వాస్టాటిన్‌తో దాన్ని కలిపి వాడనే కూడదు. రోజువాస్టాటిన్ వేసుకునేవారు గ్యాస్‌కు తాగే తెల్లటి మందుకు రెండు గంటలు ఎడం ఇవ్వాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మీ మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

మాడవీధి_మైలాపూరు
మందుల_చీటీ గారు చెప్పినట్టు లెక్కపెట్టాను. మూడు నెలలకు 90 మాత్రలు కొన్నాను. బీరువాలో ఒక పూర్తి షీటు, సొరుగులో సగం వాడినవి రెండు, ప్రయాణపు సంచి పక్క జేబులో ఒకటి దొరికాయి. అన్నీ కలిపితే 31 మిగిలాయి. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, రక్తపరీక్షకు ముందు మా తమ్ముడి కూతురి పెళ్లికి నెల్లూరులో పది రోజులు ఉన్నాను, ఆ పది రోజులూ సంచి జేబు తెరవనేలేదు. ఊరి నుంచి వచ్చిన మర్నాడే రక్తం ఇచ్చాను. డాక్టరుగారు రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే వేసుకుంటున్నాను అనే చెప్పాను. ఆయన నా మాట నమ్మి మోతాదు పెంచబోయారు. ఇది కాఫీ చేసిన తప్పు కాదు.

పెరంబూరు_లోకో
90లో 59 అంటే మూడింట రెండు వంతులు కూడా నిండలేదు. పైగా పరీక్షకు ముందు పది రోజులు ఖాళీ. 131 వచ్చిందంటే ఆ మందు వేసుకున్న రోజులలో గట్టిగానే పనిచేసింది.

తాంబరం_తొలిరైలు
మా నాన్నగారికి 78 ఏళ్లు, ఆయనకూ ఇదే మరుపు ఉండేది. ఉపాయంగా ఆయన మాత్రల పెట్టెను కాఫీపొడి డబ్బా మీద పెట్టాము. అది తీయనిదే పొడి తీయలేరు. ఎప్పుడైనా ఒకరోజు తప్పితే మర్నాడు రెండు వేసుకోవద్దని డబ్బా మీద కాగితం అంటించాము.

మాడవీధి_మైలాపూరు
మూడు నెలల తరువాత తిరిగి వచ్చి రాస్తున్నాను, ఎందుకంటే ఫలితం చెప్పకుండా ఉండటం ఇక్కడ సమయం వెచ్చించినవారి పట్ల మర్యాద కాదు.

డాక్టరుగారికి మిగిలిన 31 మాత్రలూ బల్ల మీద పెట్టి చూపించాను. ఆయన మోతాదు పెంచలేదు. అటోర్వాస్టాటిన్ ఉదయం వేసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. ఆ రోజు నుంచి మాత్రల పెట్టె పొడి డబ్బా మీదనే ఉంది. మూడు నెలలలో రెండే తప్పాయి. పాల ప్యాకెట్ నీలానికి మారింది. ఫిల్టరు అడుగున గుండ్రంగా కత్తిరించిన వడపోత కాగితం వేస్తున్నాము, డికాక్షన్ దిగడానికి ఆలస్యమవుతుంది కనుక రాత్రే వేసి పెడుతున్నాము. నిన్నటి పరీక్షలో ఎల్‌డీఎల్ 94. మాత్ర, పాలు, కాగితం అన్నీ ఒకేసారి మార్చాను కనుక దేని వాటా ఎంతో చెప్పలేను, ఎక్కువ వాటా మాత్రదేనని డాక్టరుగారి మాట.

మా ఆవిడ 4:45కి లేచి నీళ్లతో థైరాయిడ్ మాత్ర వేసుకుని, 5:45కు కాఫీ తాగుతోంది. నా కాఫీ కూడా పావుగంట వెనక్కి జరిగింది, ఎందుకంటే ఆమె లేకుండా తాగడం నాకు అలవాటు లేదు. మోతాదు అదే 75. టీఎస్‌హెచ్ 9.8 నుంచి 3.1కి వచ్చింది. నాలుగేళ్లలో మొదటిసారి ఈ ఆదివారం కపాలీశ్వరాలయం చుట్టూ నాలుగు మాడవీధులూ ఎక్కడా కూర్చోకుండా నాతోపాటు నడిచింది.

వేళచ్చేరి_వాన
3.1 చదివి కళ్లు చెమర్చాయి. ఆమెను అడిగినట్టు చెప్పండి.

డికాక్షన్_ధ్యాస
కాగితం వేశాక రుచి ఎలా ఉంది?

మాడవీధి_మైలాపూరు
మొదట్లో కొంచెం తేలికగా అనిపించింది, పొడి ఒక చెంచా పెంచాక సరిపోయింది. వాసన మాత్రం ఎప్పటిలాగే వీధి గుమ్మం దాకా వస్తోంది.